అతుకు కింద సంతకం

మా బాపు సింగరేణిలో ఎలక్ట్రీషియన్. బెల్లంపల్లి, మందమర్రి గనుల్లో ముప్పై ఏళ్లకు పైగా చేసి, రిటైరయ్యాక కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన మేనల్లుడు, నాకు బావ, ఆదిలాబాద్‌లో ఆటో ఎలక్ట్రికల్ షాపు నడుపుతాడు. సెల్ఫులు, డైనమోలు, వైరింగ్ కిట్లు అతని రోజువారీ పని. ఇద్దరూ తీగలను నమ్ముకుని బతికినవాళ్లే. ఆ తీగను ఎక్కడ అతకాలి, ఎవరు అతకాలి అన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పడదు.

ఈసారి మాటామాటా పెరగడానికి కారణం మా వాకిట్లో ఉన్న 1998 నాటి మారుతి 800. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయి, రాత్రి తిరిగి వస్తున్నాం. ఉట్నూరు దాటి జన్నారం అడవిలో పడ్డాక హెడ్‌లైట్లు మసకబారాయి. కాసేపటికి ఎడమది పూర్తిగా ఆరిపోయింది. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కూడా దాంతోపాటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. బయట ఒళ్లు కొంకర్లు పోయే చలి, రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు. ముందు పోతున్న ఆర్టీసీ బస్సు ఎర్రలైటునే గురి పెట్టుకుని లక్షెట్టిపేట దాకా వచ్చాం. రాయపట్నం దగ్గర గోదావరి దాటేదాకా బండిలో ఎవరం మాట్లాడలేదు.

ఆ తర్వాతి ఆదివారం బాపు బానెట్ ఎత్తాడు. చుట్టపుచూపుగా వచ్చిన బావ అడ్డం పడ్డాడు. టార్చి పట్టుకుని పక్కన నిలబడి నేను విన్న మాటలివి. ఇద్దరి వరసలనే ఇక్కడ పేర్లుగా పెడుతున్నాను.

అల్లుడు: మామా, ఆ బానెట్ ముయ్యి. ఇక్కడనే మంచి ఎలక్ట్రీషియన్‌ను చెప్త. రేపు పొద్దుగాల తోలుకపో. పొద్దుమీకి అయిపోతది.

మామ: గనిల 3,300 వోల్టుల కేబుల్ చూసినోన్ని. ఈ 12 వోల్టులకు ఒకల కాడికి పోవాల్నా?

అల్లుడు: వోల్టులను చూసి అల్కగ తీసుకోకు. 12 వోల్టులు మనిషిని గుంజవు, నిజమే. కని ఆ బ్యాటరీకి పానా అడ్డం పడ్డదనుకో, వందల ఆంపియర్లు ఇడుస్తది. పానా ఎర్రగ కాలుతది. చేతికి ఉంగరం ఉంటే ఏలు పోతది. బండ్లను కాలబెట్టేది వోల్టులు కాదు మామా, ఆంపియర్లు.

మామ: అందుకే అన్నిటికన్న ముందు నెగటివ్ లగ్గు ఇప్పిన. నెగటివ్ ఊడినంక, పాజిటివ్ కాడ పానా బాడీకి తాకినా ఏం కాదు. మల్ల బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. ఉంగరం ఇంట్ల పెట్టి వచ్చిన. ఇంకేం కావాలె నీకు?

అల్లుడు: నీకు తెలుసు. నీ లెక్క అందరికీ తెల్వది కదా. ఇంటికాడ చేసిన పనులు నా షాపుకు ఎట్ల వస్తయో చూస్తే నువ్వే అంటవు, ఎవరూ చెయ్యి పెట్టొద్దని. 15 ఆంపియర్ల ఫ్యూజు పోతే 30 వేస్తరు. అది గూడ పోతే సిగరెట్ డబ్బల తగరం చుట్టి పెడ్తరు. వాళ్ల లెక్కల ఫ్యూజు అంటే లైటును ఆపే దుష్మన్. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తీగను. ఆ తగరం పెట్టినంక ఏడనన్న షార్ట్ అయితే కాలిపొయ్యేది ఫ్యూజు కాదు, కిట్టు మొత్తం.

మామ: చెయ్యగూడని పని ఇంటికాడ చేసినా, షాపుల చేసినా చెయ్యగూడనిదే. నేను నిన్ను వేరే ముచ్చట అడుగుత. ఈ బండికి ఫ్యూజులన్ని మంచిగనే ఉన్నయి. బల్బులు గూడ మంచివే. మరి అడవిల లైటు ఎందుకు పోయింది?

అల్లుడు: అతుకు. ఏడనో అతుకు చెడిపోయింది.

మామ: గదీ! బల్బు పోతే కండ్లకు కనపడతది. ఫ్యూజు పోతే కనపడతది. అతుకు చెడితే ఫ్యూజుకు గూడ తెల్వది. ఎందుకంటే కరెంటు ఎక్కువ పోదు కదా, తక్కువ పోతది. ఈ రెండు హెడ్‌లైట్లు కలిసి 120 వాట్లు. అంటే 10 ఆంపియర్లు. ఆ తొవ్వల ఒక్క అతుకు కాడ ఒక వోల్టు తగ్గిందనుకో, 10 వాట్ల వేడి ఆ మిరపగింజంత జాగల కూసుంటది. ఫ్యూజు చల్లగనే ఉంటది, అతుకు కాలుతుంటది. ఇసుంటి జబ్బును పట్టుకోనీకి ఓపిక కావాలె. ఇప్పుడు చెప్పు, నీ షాపుల ఒక బండికి ఎంతసేపు ఇస్తవు?

బావ వెంటనే జవాబివ్వలేదు. తన పనిని అమ్ముకోవడానికి అబద్ధం ఆడే మనిషి కాదు.

అల్లుడు: ఎనక నాలుగు బండ్లు నిలబడి ఉంటే, అరగంట.

మామ: అరగంటల ఏం చేస్తవు?

అల్లుడు: లైటు వెలిగేటట్టు చేస్త. ఎర్త్ అనుమానం ఉంటే పాతదాన్ని ఎతకను, కొత్త తీగ ఒకటి బాడీకి కొడ్త. వెలుగుతది. పంపిస్త.

మామ: పాత ఎర్త్ అట్లనే ఉంటది.

అల్లుడు: ఉంటది. రెండేండ్లకు అదే మనిషి ఇంకో జబ్బుతోని వస్తడు. ఒప్పుకుంట. కని మామా, కిరాయి కట్టాలె, పోరగాన్లకు జీతాలియ్యాలె. కిట్టు మొత్తం ఇప్పి, ఒక్కొక్క అతుకు చూసి పైసలు అడిగితే, బండి ఖరీదు అంత లేదంటరు. మారుతి 800 మొదటి బండి 1983ల రోడ్డు మీదికి వచ్చింది, 2014ల తయారీ బందయింది. ఇసుంటి బండికి రెండు దినాల కూలి ఎవరిస్తరు?

మామ: ఎవరియ్యరు. అందుకే ఇంటోడే చేసుకోవాలె. రెండు దినాలు షాపోనికి లేవు, నాకున్నయి.

అల్లుడు: టైం ఉన్నంత మాత్రాన పని రాదు. నువ్వు గని ముచ్చట తీసినవు కాబట్టి అడుగుత. గనిల నువ్వు కేబుల్ అతుకు చేస్తే ఏమయ్యేది? సక్కగ కరెంటు ఇడిచేటోల్లా?

మామ: ఎట్ల ఇడుస్తరు? మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూస్తరు. సూపర్‌వైజర్ చూడాలె. లాగ్‌బుక్‌ల రాయాలె, సంతకం పెట్టాలె. బొగ్గు గనిల మీథేన్ ఉంటది. ఒక్క నిప్పురవ్వ లేస్తే ఎంత మంది పానాలు...

అల్లుడు: అంటే ముప్పై ఏండ్లు నీ చేతి పనిని ఇంకొక కన్ను చూసింది. ఇంటికాడ నీ అతుకును ఎవరు చూస్తరు మామా? టేపు చుట్టినంక దాని మొఖం చూసేటోడు లేడు. నువ్వు పనిమంతునివి కాదని నేనంటలేను. నీ పనిని చూసే ఇంకొక మనిషి లేడంటున్న. షాపుల కనీసం బండి మల్ల తిరిగొస్తే నా ఇజ్జత్ పోతదన్న భయముంటది నాకు.

బాపు దానికి జవాబు చెప్పలేదు. నెగటివ్ లగ్గు మళ్లీ తగిలించి, ఇంజిన్ ఆపి ఉండగానే హెడ్‌లైట్లు వేయమన్నాడు. మల్టీమీటర్ నల్ల ముల్లును బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి, ఎర్ర ముల్లును ఎడమ బల్బు వెనక కప్లర్‌లో, ఎర్త్ తీగ దగ్గర గుచ్చాడు. ఎర్త్ మంచిదైతే ఆ రెండింటి మధ్య తేడా దాదాపు సున్నా ఉండాలి. మీటర్ 1.4 వోల్టులు చూపించింది.

మామ: చూసినవా? బల్బు పీకి, ఒట్టి తీగకు మీటర్ పెడితే 12 వోల్టులు మంచిగనే కనపడతయి. ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తది, ఎందుకంటే మీటర్ కరెంటు తాగదు. బరువు ఎత్తినప్పుడే మనిషి బలం తెలిసేది. లైటు వేసి చూస్తేనే అతుకు నిజం చెప్తది.

అల్లుడు: ఇది నేను ఒప్పుకుంట. మా కాడ పని నేర్చుకునే పోరగాన్లకు నేను చెప్పే మొదటి పాఠం ఇదే. ఇండికేటర్‌తోని హెడ్‌లైటు కొట్టుకున్నదని చెప్పినప్పుడే నాకు అనుమానమొచ్చింది. రెండింటికీ ఎర్త్ ఒక్కటే. దాని తొవ్వ మూసుకపోతే కరెంటు పక్క బల్బుల దిక్కు నుంచి తొవ్వ ఎతుక్కుంటది. సొంత దర్వాజ తెరుసుకోకుంటే పక్కింట్ల నుంచి బయటపడ్డట్టు.

ఎడమ మడ్‌గార్డ్ లోపల ఎర్త్ బోల్టు దొరికింది. దాని మీద, లగ్గు మీద, ఆ రెంటి మధ్యన కూడా బండి రంగే ఉంది. ఎప్పుడో డెంటింగు, పెయింటింగు చేయించినప్పుడు, చేసినవాళ్లు లగ్గును ఊడదీసి, రేకు మీద రంగు కొట్టి, ఆ రంగు మీదే లగ్గును బిగించేశారు. రంగు కరెంటును రానివ్వదు. బోల్టు మర నుంచి దొరికిన కాస్త దారిలోనే ఇన్నేళ్లుగా లైటు వెలుగుతోంది. ఆ మరకు తుప్పు పట్టేసరికి ఆ కాస్త దారీ సన్నబడి, ఒక్కోసారి తెగిపోతోంది.

మామ: ఇది షాపుల చేసిన పని అల్లుడా. ఇజ్జత్ భయం ఉన్నోల్లే చేసిన్రు.

అల్లుడు: తప్పే. కప్పిపుచ్చను. కని ఆ కిట్టు మీద టేపు గూడ ఇప్పు. అటు పాజిటివ్ దిక్కు గూడ వోల్టేజి తగ్గుతున్నది. 0.9 పోతున్నది. రెండు కలిపితే 2.3 వోల్టులు తొవ్వలనే పోతున్నయి. వోల్టేజి పదో వంతు తగ్గితేనే వెలుగుల దగ్గర దగ్గర మూడో వంతు తగ్గిపోతది. నీ బల్బులు ఇన్ని దినాలు సగం వెలుగు గూడ ఇచ్చినయో లేదో.

టేపు చేతికి జిగురుగా అంటుకుంటూ వచ్చింది. మే నెలలో 45 డిగ్రీలు దాటే మా ఎండలకు టేపు గమ్ము కరిగి, దుమ్ము పట్టి, నల్లటి బంకలా తయారైంది. దాని కింద రెండు తీగలు మెలేసి ఉన్నాయి. ఒకటి బండిదే, సన్నని పోగులు బోలెడున్న మెత్తటి తీగ. రెండోది ఇంటి గోడల్లో వేసే ఎర్ర తీగ, లావుపాటి పోగులు కొన్నే ఉన్నది. మెలేసిన చోట ఆకుపచ్చ చిలుము. పక్కన ప్లాస్టిక్ తోలు కాలి గోధుమరంగుకు తిరిగింది.

బావ ఏదో అనబోయి, మామ ముఖం చూసి ఆగిపోయాడు. బాపు ఆ ఎర్ర తీగ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

మామ: ఇది నేనే చేసిన. మందమర్రి క్వార్టర్ల ఉన్నప్పుడు. ఎలుక కొరికితే, ఇంట్ల ఉన్న తీగ ముక్క పెట్టి మెలేసిన. మల్ల మంచిగ చేద్దామనుకున్న. మర్చిపోయిన.

అల్లుడు: మామా...

మామ: గనిల ఇట్ల చేస్తే నన్ను ఇంటికి పంపుతుండె. నువ్వన్నది నిజమే. ఇక్కడ చూసేటోడు లేకుండె.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బాపే లేచి కటింగ్ ప్లయర్ తీసుకున్నాడు. అప్పటి నుంచి పని, వాదన కలిసే సాగాయి.

నెగటివ్ లగ్గు మళ్లీ ఊడదీసి, చెడిన భాగం మొత్తం కత్తిరించారు. తోలు ఒలిస్తే లోపల రాగి నల్లబడి ఉంది. ఇంకో రెండంగుళాలు వెనక్కి పోతేగాని మెరిసే రాగి దొరకలేదు. చిలుము తోలు లోపల తీగ వెంట చాలా దూరం పాకుతుందని, నల్లని రాగి మీద ఎంత మంచి అతుకు వేసినా నిలవదని బావ చెప్పాడు. అక్కడ మళ్లీ తేడా వచ్చింది.

మామ: సోల్డరింగ్ చేస్త. కరీంనగర్ వెండి తీగ పని చూసినవు కదా. ఎంటికె అంత తీగలను టంకంతోని అతికి పల్లేలు, నగలు చేస్తరు. 2007ల దానికి జీఐ గుర్తింపు వచ్చింది. ఎన్ని తరాలు దాటినా ఆ అతుకు ఊడదు. తీగతోని తీగ ఒక్కటైపోతది.

అల్లుడు: ఆ పనికి దండం పెడ్త. కని ఆ వెండి పల్లెం అద్దాల బీరువల ఉంటది మామా. ఉట్నూరు గతుకుల మీద ఎగరదు. టంకం తీగల పోగుల మధ్యకు పాకి, ఆ జాగను పుల్ల లెక్క బిర్రుగ చేస్తది. బిర్రుగ ఉన్నది ఆగిపోయి మెత్తటిది మొదలయ్యే కాడ, ఊగి ఊగి తీగ విరుగుతది. అందుకే కారు కంపెనీలు కిట్లల్ల ఎక్కువ శాతం అతుకులను ఒత్తుతయి, అంటే క్రింపింగ్ చేస్తయి. సరైన లగ్గు, సరైన కొలత, దాని కోసం చేసిన క్రింపింగ్ ప్లయర్. మామూలు కటింగ్ ప్లయర్‌తోని నొక్కితే అది క్రింపింగ్ కాదు, చిదమడం.

మామ: సోల్డరింగ్ చేసి, అటు ఇటు తీగను కిట్టుకు కట్టి ఊగకుండ చేస్తే?

అల్లుడు: అట్లయితే నిలుస్తది. నేను కాదనను. కని నవాసాగరం, ఆసిడ్ పేస్టు పెట్టొద్దు. కళాయి పోసేటోల్లకు అవి మంచియి, గిన్నెను కడుగుతరు కాబట్టి. తీగ లోపటిని ఎవరు కడుగుతరు? మిగిలిన ఆసిడ్ రాగిని తింటది. రాజనం ఉన్న సోల్డరే వాడాలె.

బావ తన బండిలోంచి క్రింపింగ్ ప్లయర్, లగ్గులు, లోపల జిగురున్న స్లీవులు తెచ్చాడు. పాతదానంత లావున్న బండి తీగనే తీసుకున్నారు. ఒత్తాక బాపు రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగి చూశాడు. తర్వాత స్లీవును వేడిగాలితో ముడిచారు. రెండు చివర్లా జిగురు సన్నగా బయటికి కనిపించేదాకా వేడి ఆపలేదు. అంటే ఇక నీళ్లు లోపలికి పోవు. ఎర్త్ దగ్గర రంగును గీకి, రేకు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, పళ్లున్న వాషర్ వేసి బిగించి, పైన వాజలీన్ పూశారు. ముందు బిగించాలి, తర్వాతే పూయాలి.

మామ: ఇప్పుడు చెప్పు. ఇది ఇంటికాడ చెయ్యరాని పనా?

అల్లుడు: ఇది చెయ్యొచ్చు. బ్యాటరీ లగ్గులు, ఎర్త్‌లు, బల్బు హోల్డర్లు, కప్లర్ల చిలుము, రెండు కొసలు కండ్ల ముంగట కనపడే తీగ. ఇయ్యన్ని ఇంటోడు చేసుకుంటే నాకు సంతోషమే. కని సెల్ఫ్‌కు పొయ్యే లావు తీగ, డైనమో నుంచి బ్యాటరీకి వచ్చే తీగ, వీటి జోలికి రావొద్దు. వాటి మీద జరంత తప్పు జరిగినా మంటనే. ఇంకొకటి, ఇది కార్బురేటర్ బండి. ఇప్పటి బండ్లల్ల కంప్యూటర్ ఉంటది, ఎయిర్‌బ్యాగులుంటయి. టెస్ట్ లాంపు పట్టుకుని ఏ తీగ పడితే ఆ తీగను గుచ్చితే పన్నెండు రూపాయల జబ్బు పన్నెండు వేలైతది.

మామ: ఎయిర్‌బ్యాగు బండిని నేను ముట్టను. కని నువ్వు గూడ ఒక మాట ఇను. ఇంటోడు బానెట్ ఎత్తుడే మానేస్తే, షాపోడు ఏం చేసిండో ఎవరికీ తెల్వది. ఈ ఎర్త్ కింద రంగు అట్లనే ఉండె ఇన్నేండ్లు. నేను ఇప్పకపోతే నీకు గూడ తెల్వకపోవు. చూసే కన్ను లేకుంటే ఇంటి పనే కాదు, షాపు పని గూడ చెడుతది.

ఈ మాటకు బావ దగ్గర జవాబు లేదు. నాకు మాత్రం రెండు వాదనలూ ఒకే చోటుకు చేరుతున్నట్టు అనిపించింది. వాకిట్లో చేసిన అతుకూ చెడింది, షాపులో చేసిన అతుకూ చెడింది. రెండూ చెడింది చేయి రాని వాళ్ల వల్ల కాదు. ఒకటి రంగు కింద, ఒకటి టేపు కింద దాక్కుంది. చేసినవాడు మరిచిపోయాడు, తర్వాత వచ్చినవాడికి తెలియలేదు. ఆ భారం ఒక రాత్రి జన్నారం అడవిలో, చంటిపిల్లతో వెనక సీట్లో కూర్చున్న మా చెల్లెలి మీద పడింది. పాత బండి నడిపే ప్రతి ఇంటికీ నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎక్కడైనా చేయించండి, మీరైనా చేసుకోండి. కానీ దాచిన అతుకును బండిలో ఉంచకండి. రేపు ఎవరు విప్పినా, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్నది తెలియాలి.

చీకటి పడ్డాక లైట్లు వేశాం. ఎదురింటి గోడ మీద రెండు వెలుగులు సమానంగా పడ్డాయి. బాపు మళ్లీ మీటర్ పెట్టాడు. ఎర్త్ వైపు 0.06. పాజిటివ్ వైపు అతుకు దగ్గర 0.04. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కదల్లేదు.

బాపు ఇంట్లోకి పోయి ఒక రూళ్ల నోటుపుస్తకం తెచ్చాడు. బానెట్ మీదే పెట్టుకుని, గనిలో రాసినట్టు గుండ్రటి అక్షరాలతో రాశాడు. తేదీ. ఎడమ హెడ్‌లైటు ఎర్త్, రంగు తీసి బిగించినది. మెయిన్ బీమ్ తీగ, క్రింపింగ్, స్లీవు, బ్యాటరీ నుంచి ఎంత దూరంలో. ముందు రీడింగు, తర్వాత రీడింగు. చివర తన సంతకం పెట్టి, పుస్తకం బావ వైపు జరిపాడు.

మామ: చూసినోని సంతకం గూడ కావాలె.

అల్లుడు: నేను ఇంకా షాపుకే తోలుకపొమ్మంట మామా. నా మాట మారలేదు.

మామ: నాది గూడ మారలేదు. సంతకం పెట్టు.

బావ మీటరు అందుకున్నాడు. నల్ల ముల్లు బ్యాటరీ మీద, ఎర్ర ముల్లు ఎర్త్ మీద తనే పెట్టి, టార్చి దగ్గరికి పట్టమని నాకు చెప్పి, అంకెను చదివాడు. ఆ తర్వాతే కలం తీసుకున్నాడు.